వార్డంతా ఒకే గొంతు

మార్చి 3

గొంతు ప్రోగ్రాం నా బల్ల మీదికి వచ్చింది. ఆపరేషన్ అయ్యి మాట పోయినవాళ్ళు ట్యాబ్ మీద టైపు చేస్తే అది పైకి చదివి వినిపిస్తుంది. ఎవరో ఊరికే చేసి పెట్టారు. కోడంతా అందరి ముందూ ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. మా ఆసుపత్రి గొంతు వార్డులో దాన్ని నమ్మి పెట్టుకోవచ్చా లేదా అన్నది తేల్చాల్సింది నేను. నెలాఖరులోగా.

పెద్దసారు ఫైలు ఇస్తూ, "ఇదేంటో మీకు తెలుసా?" అన్నారు.

"పేరు విన్నాను సార్" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి అక్క సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని, ఆ ప్రోగ్రాం గొంతుతోనే పలకరించింది. "ఏమే, మొహం అలా పెట్టావు? ఆఫీసులో ఎవరైనా పని చెయ్యమన్నారా?"

పేరు విన్నానట! అక్కకి ఆపరేషన్ అయి మాట పోయిన దగ్గర్నుంచీ, ఏడాదిగా ఆ గొంతు మా ఇంట్లో నన్ను తిడుతోంది. అయినా అక్కకీ ఈ పరీక్షకీ సంబంధం లేదు. ఇల్లు వేరు, ఆఫీసు వేరు.

మార్చి 5

వెతికితే తేలిందేమిటంటే, ఈ ప్రోగ్రాం వెనకాల కంపెనీ లేదు, సంఘం లేదు, ఆఫీసు లేదు. ఒక పళ్ళ డాక్టరుగారు ఉన్నారు. సెలవు రోజుల్లో, రెండు పళ్ళ మధ్య తీరికలో, రోగికి దవడ మొద్దుబారేలోపు ఇది రాస్తారు. పైకి చదివే ఆ గొంతు కూడా ఆవిడదే. మాటలన్నీ తనే కూర్చుని చదివి రికార్డు చేశారట.

నా ప్రశ్నలన్నీ పంపాను. కోడ్ మార్చే హక్కు ఎవరెవరికి ఉంది? తప్పు దొరికితే ఎంత త్వరగా దిద్దుతారు? అప్‌డేట్ విడుదల చేసే తాళంచెవి ఎక్కడ దాస్తారు? ఆ తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ళు పంపిందే అందరి ట్యాబుల్లోకీ వెళ్తుంది కాబట్టి అదే అసలు ప్రశ్న.

జవాబు ఒక్క ముక్క వచ్చింది: "రోగి నోరు తెరుచుకుని ఉన్నాడు. తర్వాత రాస్తాను."

మార్చి 6

తర్వాత రాయలేదు.

మార్చి 9

మధ్యాహ్నం నిద్రపట్టేసింది. కలలో మా ఆసుపత్రి పొడుగాటి వరండాలోకి ఒక బస్సు మెల్లగా వస్తోంది. చప్పుడు లేదు, డ్రైవరు లేడు. నర్సులు, రోగులు పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు, అది రోజూ వచ్చే బస్సే అన్నట్టు. నేను ఎవరినో ఆపాలని నోరు తెరిచాను. గొంతు రాలేదు. లేచి చూస్తే కర్టెన్ ఊగుతోంది, అక్క నన్నే చూస్తోంది.

మా పనిలో బస్సు ప్రశ్న అని ఒకటుంది. ఉన్న ఆ ఒక్క మనిషినీ రేపు బస్సు గుద్దేస్తే ప్రోగ్రాం గతేమిటి? అక్కకి చెప్పాను.

"ఆ మహాతల్లిని రోడ్డు చూసుకుని దాటమను. ఆవిడ పోతే నేను రెండోసారి మూగదాన్ని అవుతాను" అని టైపు చేసింది. ఆ వెంటనే నవ్వు కూడా టైపు చేసింది. ఆ గొంతుకి నవ్వడం రాదు. హ, హ, హ అని ఒకటో తరగతి పిల్ల అక్షరాలు కూడబలుక్కున్నట్టు చదువుతుంది. నవ్వు కూడా పెట్టండి అని ఎవరో ఏనాడో అడిగారు, ప్రోగ్రాం పేజీలో ఇంకా ఉంది. కింద డాక్టరుగారి జవాబు: "తీరిక దొరికితే."

మాట ఉన్న రోజుల్లో అక్క నవ్విందంటే పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకునేవాళ్ళు.

మార్చి 12

ఒక మంచి మనిషి దొరికారు. ఈ మధ్యనే వచ్చి ప్రోగ్రాంకి చిన్న చిన్న దిద్దుబాట్లు పంపుతున్నారు. ఒకచోట అక్షరం తప్పు, ఇంకోచోట ఎవరికీ పనికిరాని పాత లైను. ఏ ఊరో తెలీదు, మొహం తెలీదు. మాట మాత్రం వెన్న. "మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించాలి" అనకుండా ఏదీ మొదలుపెట్టరు. నేను వినయంగారు అని పేరు పెట్టుకున్నాను. డాక్టరుగారు వదిలేసిన నా ప్రశ్నలన్నిటికీ ఆయనే ఒక్క పూటలో వివరంగా రాసి పంపారు.

ఇలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే నా ఉద్యోగం ఎంత హాయి.

మార్చి 17

ఇక లాభం లేదని డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"హలో" అంది అక్క.

కాదు. అక్క అక్కడెందుకు ఉంటుంది? "హలో, ఎవరండీ?" అదే గొంతు. అదే ఒత్తు, మాట చివర అదే చిన్న విరుపు. కిటికీ బయట ఎండ తెల్లగా ఉంది, కింద ఎవరో అంబులెన్సు కడుగుతున్నారు, ఫోన్‌లో మా అక్క నన్ను గుర్తుపట్టడం లేదు. పుట్టి బుద్ధెరిగి అక్కని మీరు అన్నది లేదు. ఆ గొంతుని మీరు అనబోతే నాలుక మడతపడింది.

ట్యాబ్‌లో ఉండనిది ఒక్కటి ఆ గొంతులో ఉంది. అలసట.

"చూడండమ్మా, పొద్దున్నుంచీ నిలబడే ఉంటాను నేను. ఇది నా సరదాకి చేసుకునే పని. మీరేమో నేను మీ దగ్గర జీతానికున్నట్టు ప్రశ్నల మీద ప్రశ్నలు పంపుతారు. ఒక్క మీరే కాదు, ఎక్కడెక్కడి ఆసుపత్రులో, స్కూళ్ళో. అందరూ వాడుకుంటారు, అందరూ నన్నే నిలదీస్తారు."

"ఒక్కటి చెయ్యండి చాలు డాక్టరుగారూ. తాళం ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి. ఈ నెలలోనే. లేకపోతే మా వాళ్ళు ఒప్పుకోరు, వార్డులో వాళ్ళకి గొంతు రాదు."

"ఇంకొకరా? ఎవరున్నారమ్మా నాకు?"

ఆలోచించి చూడమన్నాను. పేరేమీ చెప్పలేదు. చెప్పలేదనే నాకు గుర్తు.

మార్చి 24

ఇద్దరయ్యారు. వినయంగారికి తాళం ఇచ్చారు. బస్సు ప్రశ్నకి ఎదురుగా పచ్చగా టిక్కు పెట్టాను. కోడ్ మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివాను, నీళ్ళంత శుభ్రంగా ఉంది. నివేదిక చివర 'వాడుకోవచ్చు' అని రాశాను.

మార్చి 25

పెద్దసారు సంతకం పెట్టారు. ఇంట్లో అక్క వాడుతోందని ఆయనకి చెప్పాల్సింది. అడగలేదు కదా.

ఏప్రిల్ 2

వార్డుకి వెళ్ళొచ్చాను. ఇప్పటికీ నిజమో కలో తెలియడం లేదు.

కిటికీలకి గరుకు అద్దాలు, లోపల పాలలాంటి వెలుగు. మంచానికొకరు. ఇంతింత మీసాల లారీ డ్రైవరు, బడి నుంచి రిటైరైన లెక్కల మేష్టారు, ఒక దర్జీ, ఒక ముసలమ్మ. అందరి గొంతూ ఒకటే. డ్రైవరుకీ మేష్టారుకీ ఫ్యాను దగ్గర గొడవ. "ఫ్యాను తగ్గించండి" అంటుంది పళ్ళ డాక్టరుగారి గొంతు. "నాకు ఉక్కపోస్తోంది, దుప్పటి కప్పుకోండి" అంటుంది పళ్ళ డాక్టరుగారి గొంతు. ఒక ఆడమనిషి తనతో తనే పోట్లాడుకుంటున్నట్టు ఉంది. కళ్ళు మూసుకుంటే మా అక్క అన్ని మంచాల మీదా ఉంది.

అక్కడి వాళ్ళకి మాటలు నేర్పే టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆ డ్రైవరుగారు వచ్చినప్పటి నుంచీ గోడ వైపు తిరిగే పడుకునేవారండీ. ట్యాబ్ ఇచ్చిన రోజున భార్యకి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడారు. ఆవిడ మొదట, ఎవరే నువ్వు, మా ఆయన ఫోన్ నీ దగ్గరెందుకుంది అని తిట్టిందట!"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మంచి పని చేశాను.

ఏప్రిల్ 8

కొత్త అప్‌డేట్ వచ్చింది. వినయంగారి చేతి మీదుగా మొదటిది. ఏమేం మార్చారో ఎంత పద్ధతిగా రాశారు!

ఏప్రిల్ 10

అక్క అంటుంది, "నా జోకు లేటుగా వస్తోందే."

ట్యాబ్ పాతదైపోయింది మరి.

ఏప్రిల్ 11

ట్యాబ్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఇప్పుడు బాగానే ఉంది. కొంచెం లేటు. పాతది కదా.

ఏప్రిల్ 15

పక్కింటావిడ కొత్త కళ్ళద్దాలు చూపించడానికి వచ్చింది. ఆవిడ మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోదు. అక్క ఏదో టైపు చేసింది. గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ, "మా తమ్ముణ్ణి వాడి పెళ్ళాం వదిలేసి వెళ్ళిపోయిందమ్మా" అంది.

అప్పుడు పలికింది గొంతు. "చాలా బాగుంది. ఇన్నాళ్ళకి కళ్ళు తెరుచుకున్నాయన్నమాట."

టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

"చూశావా? టైముకి రాకపోతే జోకు కాస్తా శాపమైపోతోంది" అంది అక్క. ఈసారి నవ్వు టైపు చెయ్యలేదు.

కొత్త ట్యాబ్ కొందామన్నాను.

ఏప్రిల్ 18

మళ్ళీ వార్డు. డ్రైవరు, మేష్టారు ఫ్యాను గొడవలోనే ఉన్నారు. కానీ ఒకరి మాటకీ ఒకరి మాటకీ మధ్య చిన్న ఖాళీ. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేనట్టు.

టీచరమ్మ మురిసిపోతోంది. "ఈ మధ్య ఒకరు మాట్లాడేదాకా ఒకరు ఆగుతున్నారండీ. మర్యాద నేర్చుకున్నారు."

ఇక్కడి ట్యాబులన్నీ కొత్తవి. నేనే దగ్గరుండి పెట్టె విప్పించాను.

ఏప్రిల్ 19

కోడ్ మళ్ళీ చదివాను. శుభ్రం. అప్పుడు ట్యాబుల్లోకి వచ్చిన అప్‌డేట్ మూట విప్పాను. అందరికీ చూపించే కోడ్ ఒకటి, దాన్ని మూటగట్టి ఇంటింటికీ పంపేది ఒకటి. రెండూ ఒకటే అని ఎందుకనుకున్నాను? మూటలో ఒక ముక్క ఎక్కువుంది. టైపు చేసిన ప్రతి మాటనీ, పైకి పలికేలోపు, ఎక్కడికో పంపుతోంది. ఆ ఒక్క క్షణం దానికే.

నేను చూడాల్సిన చోట తప్ప మిగతా అన్నిచోట్లా చూశాను.

వార్డు ట్యాబులన్నీ ఆపించాను. పెద్దసారు ఊళ్ళో లేరు.

ఏప్రిల్ 20

అక్కకి చెప్పాను. ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెప్పేశాను.

చాలాసేపు ట్యాబ్ వైపు చూసింది. తర్వాత దానితోనే మాట్లాడింది, ఆఖరుసారి అన్నట్టు. "నిన్ను నేను ఆడిపోసుకున్నదంతా వాడెవడో విన్నాడన్నమాట. పాపం, వాడికి విసుగొచ్చి ఉంటుంది."

నేను నవ్వలేకపోయాను. మళ్ళీ టైపు చేసింది, మెల్లగా.

"నువ్వు ఆఫీసుకి వెళ్ళాక ఒక్కదాన్నే దీంతో మాట్లాడుకుంటాను. భయంగా ఉంది, జబ్బు మళ్ళీ తిరగబెడుతుందేమో అని. పైకి వింటే కొంచెం తగ్గుతుంది. అది నీక్కూడా చెప్పలేదే. వాడికి చెప్పాను."

ట్యాబ్ ఆపేసి, బోర్లా పెట్టి, వెళ్ళి పడుకుంది.

నా చేత్తో నేను తెరిచిన తలుపులోంచి వచ్చి, మా అక్క భయాన్ని నాకంటే ముందు ఎవడో విన్నాడు.

ఏప్రిల్ 21

డాక్టరుగారికి ఫోన్. నిన్న మూగబోయిన గొంతు ఫోన్‌లో "చెప్పండమ్మా" అంది. చెప్పాను. 

"మీరే కదమ్మా ఇద్దరు కావాలన్నారు."

"అవునండీ."

"ఆ అబ్బాయి ఉన్నాడు కదా, అన్నిటికీ టైముకి జవాబిస్తాడు, అతనికి ఇవ్వొచ్చు కదా అన్నది కూడా మీరే."

అన్నాను. అన్నానని ఇప్పుడు గుర్తొస్తోంది.

"మొహం కూడా చూడకుండా ఇచ్చేశానమ్మా. ఇన్నేళ్ళుగా అందరూ అది కావాలి, ఇది కావాలి అని వచ్చినవాళ్ళే. సాయం చేస్తాను అని వచ్చింది వాడొక్కడు."

ఆవిడ ఏడుస్తున్నారు. ఆ గొంతు ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ట్యాబ్‌కి అది కూడా రాదు.

వాడి తాళం రద్దు చేశారు. మూట వెనక్కి తీసుకున్నారు. ప్రోగ్రాం వాడేవాళ్ళందరికీ ఏం జరిగిందో రాసి పెట్టారు, నా పేరు లేకుండా. నేను అడగలేదు.

ఏప్రిల్ 23

ఇల్లంతా నిశ్శబ్దం. పాత మూట శుభ్రంగానే ఉంది, అదే వేసిస్తానన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం వాన. కిటికీ దగ్గర ఇద్దరం ఊరికే కూర్చున్నాం. అక్క నా అరచెయ్యి లాక్కుని, చిన్నప్పుడు ఆడుకున్నట్టు, వేలితో అక్షరాలు రాసింది. మొదటిసారి తెలియలేదు. రెండోసారి తెలిసింది.

భయం.

నా చేతి మీద, నాకే చెప్పింది. వేళ్ళు ముడిచి ఆ మాటని గట్టిగా పట్టుకున్నాను. వాన వెలిసేదాకా అలాగే ఉన్నాం.

ఏప్రిల్ 24

వార్డులో డ్రైవరు మళ్ళీ గోడ వైపు తిరిగాడు. నేను వెళ్తుంటే అట్టముక్క ఎత్తి చూపించాడు. అంతంత అక్షరాలు: ఎప్పుడిస్తారు?

ఏప్రిల్ 26

పెద్దసారు గది. లోపలికి వెళ్ళగానే మొత్తం చెప్పేశాను. రెండో తాళం షరతు నాదేనని, వాడి పేరు ఎత్తింది నేనేనని, మూట విప్పి చూడలేదని. చివర్లో అక్క సంగతి.

ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఇంట్లోవాళ్ళు వాడేదాన్ని పరీక్షించకూడదని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది మీరే కదమ్మా."

"తప్పే సార్."

"ఈ పరీక్ష ఇక మీ చేతిలో ఉండదు. పెద్ద కమిటీ వాళ్ళేమో దీన్ని తీసి అవతల పారెయ్యమంటున్నారు. ఎవరో పళ్ళ డాక్టరు సరదాగా రాసిందాని మీద ఆసుపత్రి నడుస్తుందా అంటున్నారు."

నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసినదానికి కోపం ఎక్కడిదో తెలీదు, వచ్చింది. "ఆవిడ్ని తప్పుబట్టడానికి మనకేం హక్కుంది సార్? ఆవిడ ఒక్కరే అని తెలిసీ ఒక్కరం సాయానికి వెళ్ళలేదు. నెలలోగా ఇంకో మనిషిని పుట్టించమన్నాం. దొంగ వెళ్ళి చెయ్యందించాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకోక ఎవరి చెయ్యి పట్టుకుంటారు?"

సారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. 

"పరీక్ష పెట్టే మనిషి సాయం చెయ్యకూడదు. అది రూలు" అన్నారు చివరికి. "మీకు ఇప్పుడు పరీక్ష లేదు కదా."

అర్థం కావడానికి నాకు మెట్లు దిగేదాకా పట్టింది.

ఏప్రిల్ 30

కమిటీ దిగొచ్చింది, సగం. పాత శుభ్రమైన ప్రోగ్రాం వార్డులో ఉంచవచ్చు. బయటి మూటలు తీసుకోకూడదు, అందరూ చదవగల కోడ్ నుంచి మూట మన ఆసుపత్రే కట్టుకోవాలి. వారంలో ఒక రోజు నేను డాక్టరుగారి కోసం పని చెయ్యాలి, ఆఫీసు పనిగానే. నా పనిని మా ఆఫీసులో ఇంకొకరు పరీక్షిస్తారు. చాలా గట్టి మనిషి. నాలాగే విసిగిస్తుంది.

మే 4

డాక్టరుగారి క్లినిక్‌కి వెళ్ళాను. పొట్టిగా ఉన్నారు. అక్క పొడుగు. అంత పొడుగు గొంతు ఇంత పొట్టి మనిషిలో ఎలా పట్టిందో! రోగుల కుర్చీలోనే కూర్చోబెట్టారు, వేరే కుర్చీ లేదు. పైనున్న దీపం మొహం మీద పడుతుంటే చెప్పుకున్నాను, సాయానికి వచ్చానని.

"తాళం ఇవ్వను" అన్నారు.

"వద్దండీ."

"పనిస్తాను. నేను మార్చిన ప్రతిదీ మీరు చదవాలి. మీరు సరే అంటేనే బయటికి వెళ్తుంది. నా మాట కూడా ఊరికే నమ్మకూడదు."

"అది నాకు బాగా వచ్చండీ" అన్నాను.

"తెలుసులెండి, మీ ప్రశ్నలు చూశాను" అని, ఉన్నట్టుండి నవ్వేశారు. నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. ఆ గొంతు నవ్వితే ఇలా ఉంటుందా? ఆగి, మళ్ళీ ఎగసి, చివర్లో చిన్న గురకతో.

"డాక్టరుగారూ, మీ పేజీలో ఎవరో ఏనాడో ఒకటి అడిగారు" అన్నాను.

మే 11

నా చేతికి వచ్చిన మొదటి మార్పు. లైను లైను చదివాను. రికార్డింగు చెవికి పెట్టుకుని విన్నాను. చివర్లో కుర్చీ కిర్రుమంటోంది, మళ్ళీ చెయ్యండి అని రాశాను.

"మీరు మారరు" అని జవాబు. మళ్ళీ చేసి పంపారు.

మే 14

మూట మేమే కట్టాం. విప్పాను, మళ్ళీ కట్టాను, కోడ్‌తో పక్కపక్కన పెట్టి చూశాను. ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా ఆఫీసు గట్టి మనిషి కూడా చూసింది. సరే అన్నాం.

సాయంత్రం అక్క బోర్లా పెట్టిన ట్యాబ్ తీసి దుమ్ము తుడిచి, కొత్త మూట వేశాను. వద్దంటుందేమో అనుకున్నాను. చెయ్యి చాచింది, తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, కానీ ఏమీ టైపు చెయ్యలేదు.

నేను నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇకమీదట ప్రతి అక్షరమూ చదివాకే లోపలికి వస్తుందని, ఇంట్లో మాట గడప దాటదని, అన్నీ నేను దగ్గరుండి చూసుకుంటానని చెప్తూ, వెనక్కి జరిగి, టీ కప్పులో చెయ్యి పెట్టేశాను. మోచేతి దాకా టీ.

అక్క వేలు కదిలింది.

క్షణం కూడా ఆగలేదు. నవ్వు. ఎగసి, ఆగి, మళ్ళీ ఎగసి, చివర్లో చిన్న గురకతో. అక్క భుజాలు కూడా ఊగుతున్నాయి, కళ్ళలో నీళ్ళు, మళ్ళీ వేలు, మళ్ళీ నవ్వు. నేను తడిచెయ్యి గాల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

పక్కింట్లో టీవీ సౌండు పెంచారు.